తిరిగొస్తాననే మాటకు ఆస్తే సాక్ష్యమా?

చదువు పూర్తికాగానే స్వదేశానికి తిరిగి వస్తావని మేమెలా నమ్మాలి? హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేట్‌లో గాజుపలకకు అవతల కూర్చున్న అధికారి ఈ ప్రశ్నను ఇవే మాటల్లో అడగకపోవచ్చు. మీ నాన్న ఏం చేస్తారు, ఫీజు ఎవరు కడతారు, ఈ విశ్వవిద్యాలయాన్నే ఎందుకు ఎంచుకున్నావు, చదివాక ఏం చేస్తావు అని నాలుగు మాటల్లో ముగించవచ్చు. కానీ ఆ నాలుగింటి వెనుకా ఉన్నది ఈ ఒక్క ప్రశ్నే. చిలుకూరు బాలాజీ చుట్టూ పదకొండు ప్రదక్షిణలు చేసి వచ్చినవారికైనా, దేవరకొండ తండా నుంచి తెల్లవారుజామున ఆర్టీసీ బస్సెక్కి వచ్చినవారికైనా ప్రశ్న ఒక్కటే. జవాబు చెప్పడానికి కావలసిన సరంజామా మాత్రం అందరికీ ఒక్కటి కాదు. నల్లగొండ, ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాల నుంచి తమ ఇళ్లలో తొలి పట్టభద్రులుగా ఆ కిటికీ ముందుకు వస్తున్న దళిత, గిరిజన, వెనుకబడిన కులాల విద్యార్థుల విషయంలో ఈ తేడా ఎక్కడ పుడుతుందో పరిశీలించవలసి ఉంది.

ముందుగా చట్టం సంగతి. అమెరికా వలస, జాతీయత చట్టం 1952 నాటిది. స్వదేశంలో నివాసం ఉండి, దాన్ని వదులుకునే ఉద్దేశం లేకుండా, చదువు కోసమే తాత్కాలికంగా వచ్చే వ్యక్తి అని విద్యార్థిని ఆ చట్టం నిర్వచించింది. అదే చట్టంలోని 214(బి) సెక్షన్ ప్రకారం వీసా కోరే వ్యక్తి స్థిరపడటానికే వస్తున్నాడని అధికారి మొదట భావించాలి. కాదని ఆ అధికారికి తృప్తి కలిగేలా నిరూపించుకునే భారం దరఖాస్తుదారుడిది. నేరం రుజువయ్యేంతవరకు నిందితుడు నిర్దోషి అన్నది మనకు తెలిసిన న్యాయసూత్రం. ఇక్కడ ఆ సూత్రం తలకిందులు. తిరస్కరిస్తే అప్పీలు లేదు. కాన్సులర్ అధికారి నిర్ణయంలోకి న్యాయస్థానాలు తొంగిచూడవన్న సిద్ధాంతాన్ని అమెరికా సుప్రీంకోర్టు 1972లో బలపరిచింది, 2024 జూన్‌లో మరోసారి స్థిరపరిచింది. తిరస్కరణకు గురైనవారు మళ్లీ ఫీజు కట్టి మళ్లీ వరుసలో నిలబడవచ్చు, అంతే. 2023-24 ఆర్థిక సంవత్సరంలో ప్రపంచవ్యాప్తంగా వచ్చిన 6.79 లక్షల ఎఫ్-1 దరఖాస్తుల్లో 2.79 లక్షలను, అంటే నూటికి 41 వంతులను, అమెరికా తోసిపుచ్చింది.

ఆ అధికారికి మన కులాలు తెలియవు. తెలుసుకోవలసిన అవసరమూ ఆయనకు లేదు. కనుక వీసా కిటికీ దగ్గర కులవివక్ష జరుగుతోందని ఆయన్ను వేలెత్తి చూపడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. చిక్కు మరోచోట ఉంది. ఉద్దేశం అనేది మనసులో ఉండే వస్తువు. మనసును చూడలేని చట్టం దానికి బదులు మరొకదాన్ని చూస్తుంది. భూమి, ఇల్లు, బ్యాంకు నిల్వ, తండ్రి ఉద్యోగం, తిరిగి వస్తే చేరడానికి సిద్ధంగా ఉన్న వ్యాపారం. వీటిని 'స్వదేశ బంధాలు' అంటారు. పోగొట్టుకోవడానికి ఇక్కడ ఏదో ఒకటి ఉన్నవాడే తిరిగి వస్తాడన్నది ఈ తర్కం. దక్షిణ తెలంగాణ మెట్టప్రాంతంలో పోగొట్టుకోవడానికి ఏదైనా ఉండటమన్నది తరతరాల కులచరిత్ర తేల్చిన విషయం. కాబట్టి కులం పేరెత్తకుండానే, కులం మిగిల్చిన లెక్కను మనిషి నిజాయితీకి కొలమానంగా వాడటం జరిగిపోతోంది.

ఒకే కుటుంబం పేరు మీద తయారయ్యే రెండు ఫైళ్లను పక్కపక్కన పెట్టి చూడండి. ఇంజనీరింగ్ చదువుకు బోధన రుసుముల తిరిగి చెల్లింపు పథకం కింద మీసేవలో తీసుకున్న ఆదాయ ధ్రువపత్రం మొదటి ఫైల్లో ఉంటుంది. దళిత, గిరిజన విద్యార్థి అయితే కుటుంబ వార్షికాదాయం రెండు లక్షల లోపు, గ్రామీణ బీసీ విద్యార్థి అయితే లక్షన్నర లోపు అని తహసీల్దారు సంతకం చేసి ఉంటారు. నాలుగేళ్లు గడిచేసరికి రెండో ఫైలు మొదలవుతుంది. అమెరికా విశ్వవిద్యాలయం ఐ-20 పత్రం ఇవ్వాలంటే మొదటి ఏడాది ఖర్చు మొత్తం చేతిలో ఉన్నట్టు చూపాలి. మన రూపాయల్లో అది పాతిక, ముప్పై లక్షల పైమాటే. ఇప్పుడు అదే తండ్రి ఆస్తి విలువ ఇన్ని లక్షలని చార్టర్డ్ అకౌంటెంట్ నివేదిక కావాలి. బ్యాంకు ఖాతాలో నిల్వ కావాలి. మొదటి ఫైలులో పేదవాడినని రుజువు చేసుకుంటేనే చదువు దక్కింది. రెండో ఫైలులో పేదవాడిని కానని రుజువు చేసుకుంటేనే వీసా దక్కుతుంది. రెండూ నిజమయ్యే కుటుంబాలు పాలమూరు పల్లెల్లో ఎన్ని ఉంటాయి?

అందుకే మధ్యలో ఒక వ్యాపారం పుట్టుకొచ్చింది. అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ కన్సల్టెన్సీల భాషలో దాని పేరు 'ఫండ్స్ చూపించడం'. ఎవరిదో డబ్బు ఖాతాలో కొన్ని వారాలు నిలబడుతుంది, దానికి వడ్డీ చెల్లించాలి, పని అయ్యాక డబ్బు వచ్చిన దారినే పోతుంది. ఇది మోసమే, సందేహం లేదు. అయితే ఈ మోసం చేయవలసిన అగత్యం ఎవరికి పడుతోందో కూడా చూడాలి. తండ్రికి నల్లగొండ పట్టణంలో రైస్‌మిల్లో, శంషాబాద్ పక్కన ప్లాట్లో ఉన్న విద్యార్థి ఉన్నది ఉన్నట్టు చెబితే సరిపోతుంది. మర్రిగూడ మండలంలో అడ్డా కూలీ కొడుకు ఉన్నది ఉన్నట్టు చెబితే వీసా రాదు, లేనిది చెబితే పట్టుబడే ప్రమాదం. మోసపు పత్రమని తేలితే ఈ ఒక్కసారి తిరస్కరణతో పోదు, జీవితకాలం ఆ దేశపు తలుపు మూసుకుపోవచ్చు. ఒకరికి నిజం ఉచితంగా దొరుకుతుంది, మరొకరు అబద్ధాన్ని వడ్డీకి తెచ్చుకోవాలి.

భూమి దగ్గరికి వద్దాం. దేశ్‌ముఖ్‌లు, దేశ్‌పాండేల గుప్పిట్లో వేల ఎకరాలు ఉన్న నేల నల్లగొండ. 1946-51 సాయుధ పోరాటం అక్కడ రాజుకున్నది అందుకే. సూర్యాపేట ప్రాంతపు ఒక్క జన్నారెడ్డి కుటుంబానికే లక్షన్నర ఎకరాలు ఉండేదని ఆ పోరాటచరిత్ర రాసినవారందరూ నమోదు చేశారు. తరువాత వచ్చిన సంస్కరణల్లో దళితులకు దక్కినది ప్రధానంగా అసైన్డ్ భూమి. 1977 నాటి అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం ప్రకారం దాన్ని అమ్మకూడదు, కొనకూడదు. బ్యాంకు పంట అప్పుకు కాగితం తీసుకోవచ్చునేమో గాని, విదేశీ చదువుకు ఇరవై లక్షల రుణం ఇస్తూ దాన్ని తాకట్టుగా తీసుకోవడానికి ఏ మేనేజరూ ఉత్సాహపడడు. నల్లమలలో చెంచులు, దేవరకొండ, అచ్చంపేట వైపు లంబాడాలు సాగుచేసుకునే పోడుకు 2006 అటవీ హక్కుల చట్టం కింద పట్టా వచ్చినా అది వారసత్వంగా సంక్రమిస్తుందే తప్ప బదిలీకి వీలులేనిది. అమ్రాబాద్ వంటి షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరులకు భూబదిలీని 1970 నాటి 1/70 నిబంధన నిషేధించింది. ఇవన్నీ మంచి చట్టాలే. పేదవాడి భూమి పెద్దవాడి చేతికి పోకుండా కాపాడటానికి పుట్టినవే. కానీ ఆస్తి విలువ కట్టే అకౌంటెంట్ ఈ భూముల ఎదుట రాసేది సున్నా.

ఇక్కడొక వింత ఉంది. తిరిగి రావడమే అసలు ప్రశ్న అయితే, అమ్ముకోలేని భూమి కంటే మనిషిని ఊరికి కట్టిపడేసేది ఏముంటుంది? శంషాబాద్ ప్లాటును రేపు అమ్మి ఆ డబ్బుతో డల్లాస్‌లో ఇల్లు కొనుక్కోవచ్చు. చందంపేట తండాలోని రెండెకరాల పోడును ఎక్కడికీ మోసుకుపోలేరు, దాని మీద బతికే తల్లిదండ్రులను వదిలేయనూలేరు. బంధాన్ని కొలవడమే నిజమైన ఉద్దేశమైతే త్రాసు రెండోవైపు మొగ్గాలి. మొగ్గదు, ఎందుకంటే ఆ త్రాసు బంధాన్ని కాదు, మార్కెట్ ధరను తూస్తుంది.

తాత్కాలికంగా వెళ్లి తిరిగి రావడమంటే ఏమిటో ఈ దేశంలో ఎవరికైనా తెలుసంటే అది పాలమూరు మనిషికే. 2011 జనాభా లెక్కల్లో 55 శాతం అక్షరాస్యతతో ఇప్పటి తెలంగాణ ప్రాంతంలోని పది జిల్లాల్లో అట్టడుగున నిలిచిన జిల్లా అది. గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు తీసుకుని, పిల్లలను ముసలివాళ్ల దగ్గర వదిలి, ఆలుమగలు ఇద్దరూ పనికి పోవడం అక్కడ తరాల నాటి జీవనవిధానం. నాగార్జునసాగర్ మొదలుకొని ఎన్నో ఆనకట్టలు, కాలువలు 'పాలమూరు లేబర్' చెమటతో లేచినవే. ముంబయి, పుణె, హైదరాబాద్‌ భవనాలకూ రాళ్లెత్తింది వారే. దసరా వెళ్లాక బయలుదేరినవారు తొలకరి చినుకుకల్లా ఊళ్లో ఉంటారు. పీర్ల పండుగకు ఎక్కడున్నా వస్తారు. మక్తల్, కోస్గి, మద్దూరు బస్టాండ్లలో ఆ రాకపోకలను చూసినవారికి వేరే సాక్ష్యం అవసరం లేదు. వంద సంవత్సరాల పాటు తిరిగి వచ్చిన ఈ జనానికి పాస్‌బుక్కు లేదు, ఆదాయపు పన్ను రిటర్ను లేదు. వారి మనుమడు ఇంజనీరై కిటికీ ముందు నిలబడితే, నీవు తిరిగి వస్తావన్న నమ్మకం ఏమిటని అడుగుతున్నారు. చదివినవాడు కూలీలా తిరిగి రావలసిన పనేముందని ఎవరైనా అనవచ్చు. నిజమే. వలస కూలీ తిరిగి వచ్చింది ఊరి మీద మమకారంతోనే కాదు, వెళ్లిన చోట నిలవనీడ లేక కూడా. కానీ వీసా చట్టం చూడాలనుకునేది ప్రవర్తనే అయితే, ఆ ప్రవర్తనకు చరిత్ర ఎవరి వైపు ఉందో చెప్పక తప్పదు.

ఇక తిరిగి రానివారి సంగతి. 1965లో అమెరికా జాతుల కోటాలను రద్దు చేశాక ఉస్మానియా, గాంధీ, గుంటూరు, ఆంధ్ర వైద్య కళాశాలల నుంచి, ఆపైన ఇంజనీరింగ్ కళాశాలల నుంచి వెళ్లిన తొలి తరాలవారు చాలావరకు భూవసతి, చదువు రెండూ ముందుగా అందుకున్న కులాలవారు. వారికి ఇక్కడ లేని బంధం లేదు. మాగాణి ఉంది, మేడ ఉంది, తండ్రి సర్పంచో సమితి అధ్యక్షుడో అయి ఉంటాడు. వారిలో అత్యధికులు తిరిగి రాలేదు. ఇందులో తప్పుపట్టవలసింది లేదు. బతుకు మెరుగుపడే చోటికి మనిషి వెళతాడు. అయితే ఆస్తి ఉన్నవాడు తిరిగి వస్తాడన్న సిద్ధాంతాన్ని ఆచరణలో పటాపంచలు చేసింది మన ఆధిపత్య కులాల అమెరికా యాత్రే అన్న సంగతి మరువరాదు. ఈ రోజుకూ ఆ తొలి తరం అల్లిన బంధుత్వాల వల ఆయా కులాల పిల్లలకు కలిసివస్తుంది. దగ్గరి బంధువు అమెరికాలో ఉండటం కాగితం మీద ప్రతికూలాంశం కూడా కావచ్చు. కానీ ఏ విశ్వవిద్యాలయం నిఖార్సైనది, ఏది పేరుకు మాత్రమే ఉన్నది, కిటికీ దగ్గర ఏ మాట అనాలి, ఏది అనకూడదు అన్న పరిజ్ఞానం ఆ ఫోను కాల్‌లోనే వస్తుంది. తొలి తరం దళిత విద్యార్థికి ఆ స్థానంలో ఉన్నది కన్సల్టెన్సీ మాత్రమే.

పైగా ఆ దేశమే చదువు పూర్తయినవారిని ఉండమంటుంది. ఓపీటీ పేరిట ఒక ఏడాది, సైన్సు, సాంకేతిక కోర్సులవారికి మరో రెండేళ్లు పనిచేసే అనుమతి ఉంది. 1990 చట్టసవరణ తరువాత హెచ్-1బీ ఉద్యోగి స్థిరపడాలన్న కోరికను దాచుకోవలసిన అవసరమే లేదు. 2024-25లో అమెరికాలో ఉన్న 3,63,019 మంది భారతీయ విద్యార్థుల్లో 1,43,740 మంది ఓపీటీలో ఉన్నారు. అంటే ప్రతి అయిదుగురిలో ఇద్దరు. కిటికీ దగ్గర ఉండనని చెప్పాలి, పట్టా చేతికి రాగానే ఉండవచ్చు. ఈ ద్వంద్వార్థాన్ని చిరునవ్వుతో దాటగలిగేవాడు మాట తీరు నేర్చినవాడు. నిజాన్ని నిజంగానే చెప్పబోయేవాడు తడబడతాడు. తడబాటును అధికారి దురుద్దేశంగా చదువుకుంటాడు.

తిరిగి రావడం గురించి మాట్లాడుకుంటున్నాం కనుక, తిరిగి వచ్చిన ఒక విద్యార్థి గురించి చెప్పుకోవాలి. 1913లో బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ ఇచ్చిన విద్యావేతనంతో కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లిన భీమ్‌రావ్ అంబేద్కర్, చదువు ముగిశాక పదేళ్లు బరోడా సంస్థానంలో పనిచేస్తానని ఒప్పందపత్రం మీద సంతకం చేసి మరీ వెళ్లారు. నేటి వీసా భాషలో చెప్పాలంటే ఇంతకు మించిన 'తాత్కాలిక ఉద్దేశం' ఉండదు. 1917లో ఆ మాట ప్రకారం తిరిగి వచ్చి బరోడాలో ఉద్యోగంలో చేరారు. ఉండటానికి ఇల్లు దొరకలేదు. హిందువుల హోటల్లో చోటివ్వరు గనుక పార్సీల సత్రంలో పేరు మార్చుకుని తలదాచుకున్నారు. పదకొండో రోజున కర్రలతో వచ్చిన పార్సీలు ఆయన్ను వెళ్లగొట్టారు. కమాఠీ బాగ్ తోటలో గంటల తరబడి కూర్చుని, రాత్రి రైలుకు బొంబాయి వెళ్లిపోయారు. ఆ ఘటనను ఆయన రాసుకున్న చిన్న ఆత్మకథనానికి పెట్టిన పేరు 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'. స్వదేశంలో వదులుకోని నివాసం ఉండాలని చట్టం అంటోంది. ఆ నివాసాన్ని స్వదేశమే ఇవ్వని మనుషుల సంగతేమిటని అంబేద్కర్ జీవితం అడుగుతుంది. ఈ రోజు హైదరాబాద్‌లో పేరు చివర కులసూచిక లేని యువకుడికి ఇంటి యజమాని వేసే ఆరాలు విన్నవారికి ఆ ప్రశ్న పాతబడలేదని తెలుసు.

అన్ని దేశాలూ అమెరికాలా మొండిగా లేవు. ఆస్ట్రేలియా ఉదాహరణ మనకు పనికొస్తుంది. అక్కడ 2011 నవంబరులో 'నిజమైన తాత్కాలిక ప్రవేశకుడు' అన్న పరీక్షను ప్రవేశపెట్టారు. తిరిగి వెళ్లకుండా ఉండటానికి ప్రేరేపించే ఆర్థిక పరిస్థితులు దరఖాస్తుదారుడికి స్వదేశంలో ఉన్నాయా అని చూడాలని ఆ పరీక్ష అమలుకు ఇచ్చిన మంత్రివర్గ ఆదేశాల్లో స్పష్టంగానే రాశారు. స్వదేశంలోని ఇతరులతో పోలిస్తే అతని స్థితి ఎలా ఉందో కూడా చూడమన్నారు. అంటే పేదరికమే అనుమానానికి కారణమని నిర్మొహమాటంగా ఒప్పుకున్నారు. 2024 మార్చి 23 నుంచి ఆ పరీక్షను తొలగించి 'నిజమైన విద్యార్థి' అన్న పరీక్షను తెచ్చారు. చదువు తరువాత అక్కడే స్థిరపడాలని ఆశించడం ఇక అనర్హత కాదు, చదవడానికే వస్తున్నావా లేదా అన్నదే చూస్తారు. సూత్రం మారింది గాని ఖర్చు తగ్గలేదు. అదే ఏడాది జూలైలో వీసా ఫీజును 710 డాలర్ల నుంచి 1,600కు, 2025 జూలైలో 2,000కు పెంచారు. ఖాతాలో చూపవలసిన జీవనవ్యయం 29,710 ఆస్ట్రేలియన్ డాలర్లయింది. ఉద్దేశం అడగడం మానేసి డబ్బును సూటిగా అడుగుతున్నారన్నమాట. ఒక విధంగా ఇందులో నిజాయితీ ఎక్కువ.

అమెరికా విదేశాంగ శాఖ కూడా తన అధికారుల మార్గదర్శికలో ఒకప్పుడు ఇంగితంతోనే రాసుకుంది. విద్యార్థులు చిన్నవారు, ఆస్తులు, ఉద్యోగాలు లేనివారు, పెద్దలను కొలిచే బంధాలతో వారిని కొలవరాదు, ప్రస్తుత ఉద్దేశాన్ని మాత్రమే చూడాలి, భవిష్యత్తులో మనసు మారే అవకాశాన్ని బట్టి తిరస్కరించరాదు అన్నది దాని సారాంశం. 2017లో ఆ వాక్యాలను తీసేశారు. 2021 డిసెంబరులో తిరిగి చేర్చారు. ఒక ప్రభుత్వం పోయి మరొకటి వస్తే మార్గదర్శిక మారుతుంది, 1952 నాటి చట్టం మాత్రం అలాగే ఉంటుంది. 2025 మే నెలాఖరున కొత్త విద్యార్థి ఇంటర్వ్యూల కేటాయింపును ఆపేసి, జూన్‌లో తిరిగి మొదలుపెడుతూ సామాజిక మాధ్యమ ఖాతాలన్నీ బహిరంగంగా ఉంచాలన్నారు. అంబేద్కర్ జయంతి ఊరేగింపు ఫొటో పెట్టుకున్న విద్యార్థి దాన్ని ఉంచాలా, తీసేయాలా అని తటపటాయించే స్థితి వచ్చింది.

ఇదంతా చదివి, విద్యార్థి వీసాల దుర్వినియోగం జరగలేదా అని అడిగేవారుంటారు. జరిగింది. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ విశ్వవిద్యాలయం బాగోతం బయటపడినప్పుడు నష్టపోయినవారిలో ఎక్కువమంది తెలుగువారు. 2019 జనవరిలో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ పేరుతో అమెరికా అధికారులే నడిపిన బూటకపు విశ్వవిద్యాలయంలో చేరి అరెస్టయినవారిలోనూ మనవారే అధికులు. ఏ దేశానికైనా తన సరిహద్దుపై అధికారం ఉంటుంది, మోసాన్ని అరికట్టే హక్కు ఉంటుంది. కానీ ఆ రెండు ఉదంతాల్లోనూ బయటపడినది ఆస్తిలేనివారి దురుద్దేశం కాదు, చదువు చెప్పని సంస్థల వ్యవహారం. అక్కడ చేరినవారు వీసా కిటికీనో, మరో విశ్వవిద్యాలయాన్నో సవ్యంగా దాటి వెళ్లినవారే. తండ్రి ఆస్తి లెక్క ఆ మోసాన్ని పట్టలేదు. మరికొందరు మిత్రులు వేరే అభ్యంతరం చెబుతారు. బహుజనుల విముక్తి న్యూజెర్సీలో ఉందా, ఇక్కడి పోరాటాలను వదిలి పోవడమే మార్గమా అని. అమెరికా వెళ్లిన ప్రతి అగ్రకుల కుటుంబం ఇక్కడి ఊళ్లో తన పలుకుబడిని రెట్టింపు చేసుకుందని వారికి గుర్తుచేయాలి. డాలరు ఊరి రాజకీయంలోకి, ఊరి భూమిలోకి వస్తుంది. ఆ డాలరు ఏ వాడకూ రాకుండా ఒకే వైపు ప్రవహించినన్నాళ్లూ ఊళ్లో పోరాటం కూడా అసమానంగానే సాగుతుంది.

అమెరికా చట్టాన్ని మనం మార్చలేం. మన చేతిలో ఉన్నవాటిని చూద్దాం. ప్రజాస్వామిక వాదులు అడగవలసిన ప్రశ్నలు వాషింగ్టన్ కంటే హైదరాబాద్‌ సచివాలయానికే ఎక్కువ ఉన్నాయి. దళిత, గిరిజన విద్యార్థులకు అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి, బీసీలకు మహాత్మా జ్యోతిబా ఫూలే ఓవర్సీస్ విద్యానిధి, మైనారిటీలకు ముఖ్యమంత్రి పేరిట మరో పథకం ఉన్నాయి. కుటుంబ ఆదాయం అయిదు లక్షల లోపు ఉంటే 20 లక్షల వరకు సాయం. దేశంలో చాలా రాష్ట్రాల్లో లేని పథకాలు ఇవి. అయితే ఆ డబ్బు ఎప్పుడు వస్తుంది? మొదటి విడత, విద్యార్థి విదేశంలో దిగాక ల్యాండింగ్ పర్మిట్ పంపితే. రెండో విడత, మొదటి సెమిస్టర్ ఫలితం చూపితే. అంటే వీసా అధికారి డబ్బేదని అడిగే నాటికి రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే డబ్బు ఉనికిలోనే లేదు. విమానం దిగాక దొరికే సాయం, విమానం ఎక్కడానికి అక్కరకు రాదు. ప్రభుత్వం భరించే విమాన టికెట్ కూడా ఒకవైపుదే. తిరిగి వస్తావా అని అడిగే కిటికీకి మన సర్కారు పంపే సాక్ష్యం అది!

అందువల్ల విద్యానిధికి ఎంపిక కాగల విద్యార్థి కూడా ముందుగా అప్పు చేయాల్సిందే. ప్రభుత్వరంగ బ్యాంకులు ఏడున్నర లక్షల దాకా హామీ లేకుండా విద్యారుణం ఇవ్వవచ్చు. అది దాటితే స్థిరాస్తి తాకట్టు కావాలి. మళ్లీ అసైన్డ్ పట్టా దగ్గరికే వచ్చి ఆగుతాం. ఇక మిగిలింది బ్యాంకేతర సంస్థలు, వాటి వడ్డీలు. కేంద్రం దగ్గరా ఆసరా లేదు. 2024 నవంబరులో ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి దేశంలోని సంస్థలకే పరిమితం. మైనారిటీ విద్యార్థుల విదేశీ రుణాలకు వడ్డీ రాయితీ ఇచ్చిన 'పఢో పరదేశ్'ను 2022లో ఎత్తేశారు. 1954 నుంచి నడుస్తున్న జాతీయ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌కు 2025లో 106 మందిని ఎంపిక చేసి, నిధుల లభ్యతను బట్టి అంటూ ముందు 40 మందికే పత్రాలిచ్చారు. వీసా ఫీజు 185 డాలర్లు, సెవిస్ రుసుము 350 డాలర్లు కలిపితేనే 45 వేల రూపాయలు దాటుతుంది. 2025-26లో తెలంగాణ ఉపాధి హామీ కూలీ రోజుకు 307 రూపాయలు. ఒక కుటుంబం వంద రోజులూ పనిచేసినా 30,700. వీసా వచ్చినా రాకపోయినా ఈ రుసుముల్లో వీసా ఫీజు తిరిగి రాదు.

సర్టిఫికెట్ల సంగతి మరీ దారుణం. బోధన రుసుముల బకాయిలు ప్రభుత్వం చెల్లించలేదని 2025 నవంబరులో ప్రైవేటు వృత్తి విద్యా కళాశాలలు బంద్ పాటించాయి. వారి గోడు వారిది. కానీ బకాయి తీరేదాకా అసలు సర్టిఫికెట్లు ఇవ్వబోమని యాజమాన్యాలు బిగించుకుని కూర్చుంటే నష్టపోయేది ఆ పథకం మీద చదివినవారే. సొంతంగా ఫీజు కట్టిన విద్యార్థి పట్టా తీసుకుని వెళ్లిపోతాడు. సర్కారు హామీ మీద చదివిన విద్యార్థి ఆ హామీ నెరవేరలేదు గనుక ఆగస్టు ప్రవేశం పోగొట్టుకుంటాడు.

ఎవరు వెళ్లారు, ఎవరు ఆగిపోయారు అన్న లెక్క కూడా మన దగ్గర లేదు. 2024-25 కులసర్వేలో బీసీలు 46.25 శాతం, ఎస్సీలు 17.43 శాతం, ఎస్టీలు 10.45 శాతం అని ప్రభుత్వం ప్రకటించింది. విద్యానిధి లబ్ధిదారుల జాబితాను కులాలవారీగా, జిల్లాలవారీగా పక్కన పెట్టి చూపడం పెద్ద పనేమీ కాదు. 2025 ఏప్రిల్ 14న అమల్లోకి వచ్చిన వర్గీకరణ చట్టం 59 ఎస్సీ కులాలను మూడు గ్రూపులు చేసింది. అందులో మొదటి గ్రూపు నుంచి, నారాయణపేట, నాగర్‌కర్నూల్ వంటి జిల్లాల నుంచి విద్యానిధి ద్వారా ఎందరు విదేశాలకు వెళ్లారో వెల్లడించాలి. ఎంపికై కూడా వీసా రాక ఆగినవారి సంఖ్యను విడిగా చెప్పాలి. నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం, మహబూబ్‌నగర్‌లో పాలమూరు విశ్వవిద్యాలయం ఉన్నాయి. కన్సల్టెన్సీ గుమ్మం తొక్కకుండానే ఐ-20 అంటే ఏమిటో, ఏ విశ్వవిద్యాలయం నమ్మదగినదో, కిటికీ ముందు నిజాన్ని భయం లేకుండా ఎలా చెప్పాలో ఇద్దరు అధ్యాపకులు కూర్చుని చెప్పగల గది ఒక్కొక్క చోట ఉంటే చాలు.

అన్నిటికంటే ముందు చేయవలసిన పనికి కొత్త బడ్జెట్ అక్కరలేదు. ఎంపికైన విద్యార్థికి వీసా ఇంటర్వ్యూకు ముందే, విశ్వవిద్యాలయం పేరిట, రాష్ట్ర ప్రభుత్వం ఇరవై లక్షలకు బాధ్యత వహిస్తున్నట్టు మంజూరు పత్రం ఇవ్వవచ్చు. ప్రభుత్వమే పోషకుడిగా నిలిచిన పత్రాన్ని ఐ-20 కోసం చూపే ఆర్థిక ఆధారాల్లో విశ్వవిద్యాలయాలు లెక్కలోకి తీసుకుంటాయి. తండ్రి ఆస్తి ఎంత అన్న ప్రశ్నకు, నా ఫీజు తెలంగాణ ప్రభుత్వం కడుతోంది అని విద్యార్థి తలెత్తి చెప్పగలడు. మొత్తం ఖర్చుకు అది చాలకపోవచ్చు, మిగిలిన దానికి బ్యాంకు ముందుకు రావడం మాత్రం తేలికవుతుంది. డబ్బు విద్యార్థి ఖాతాలోకి కాక నేరుగా విశ్వవిద్యాలయానికే వెళితే దుర్వినియోగం భయమూ ఉండదు. ఆగస్టులో తరగతులు మొదలవుతాయి గనుక ఎంపికలు మార్చికల్లా ముగియాలి. దానికోసం పథకం ఉత్తర్వులో మొదటి విడతకు అర్హత చెప్పే నిబంధనలో 'ల్యాండింగ్ పర్మిట్' అని ఉన్నచోట 'ప్రవేశ పత్రం' అని మార్చాలి.